సంతకం రాగానే బడి మానేస్తున్నారు: పెద్దల చదువు సమాజాన్ని మార్చిన దాఖలా ఉందా?

సాయంత్రం బడి (అడ్డగుట్ట)

అందరికీ నమస్కారం. ప్రైవేటు బడుల్లో ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు చెప్పి ఇంటిపట్టున ఉంటున్నదాన్ని. గత ఏడాది దసరా వెళ్లాక, మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉన్న కమ్యూనిటీ హాలులో సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టాను. మొదటి వారం ఇరవై ముగ్గురు వచ్చారు. అందరూ ఆడవాళ్లే. ఇద్దరు కూరగాయలు అమ్ముకొంటారు, మిగిలినవాళ్లు మారేడ్‌పల్లి, తార్నాక వైపు ఇళ్లలో పనిచేస్తారు. పలకలు, బలపాలు, రెండు గీతల కాపీ పుస్తకాలు నేనే కొన్నాను.

ఇప్పుడు ఆరుగురే మిగిలారు. మానేసిన పదిహేడు మందిలో పన్నెండు మంది సంతకం వచ్చిన వారంలోనే మానేశారు. వాళ్లలో ఒకామె గల్లీలో ఎదురైతే ఎందుకు రావడం లేదని అడిగాను. "సంతకం వచ్చింది గద మేడం, బ్యాంకుల ఏలికి సిరా పూసుకునుడు తప్పింది, ఇగ గది చాలు" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

వయోజన విద్య సమాజాన్ని మారుస్తుందని చదువుకున్నాను, సభల్లో విన్నాను, నేను కూడా నలుగురికి చెప్పాను. ఇన్ని నెలల తరువాత నా కళ్లకు కనిపిస్తున్న మార్పు మాత్రం వేలిముద్ర ఉండే చోట సంతకం చేరడం ఒక్కటే. పెద్దల చదువు వల్ల ఎక్కడైనా నిజంగా ఏదైనా కదిలిందా, లేక ఇది నావంటి రిటైరైన పంతులమ్మల తృప్తి కోసం సాగే వ్యవహారమా అన్నది తెలిసినవారు చెప్పగలరని ఇక్కడ రాస్తున్నాను. ఓదార్పు మాటలు వద్దు. జరిగినవి చెప్పండి.

అంకెల మనిషి (మలక్‌పేట)

అమ్మా, ఓదార్పు వద్దన్నారు కనుక నిష్ఠూరంగానే రాస్తున్నాను. గణాంకాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. జనగణనలో ఏడేళ్లు, ఆ పైబడినవారు ఏదో ఒక భాషలో అర్థం చేసుకొంటూ చదవను, రాయను వస్తేనే అక్షరాస్యులు. ఉత్త సంతకం ఆ లెక్కలోకి రాదు. కనుక మీ పన్నెండు మంది బ్యాంకు దృష్టిలో చదువుకున్నవారు, జనగణన దృష్టిలో నిరక్షరాస్యులు.

2011 లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో అక్షరాస్యత సుమారు 66.5 శాతం, స్త్రీలలో 58 శాతం లోపే. హైదరాబాదు జిల్లాలో 83 శాతం. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కనుక ఆ తరువాతి సంగతి అంచనాలతోనే మాట్లాడుకోవాలి. స్వాతంత్ర్యం తరువాత ఈ అంకెలు పెరిగిన మాట నిజమే కాని, పెరగడానికి ప్రధాన కారణం పిల్లలు బడికి వెళ్లడం, చదువురాని ముసలివాళ్లు కాలం చేయడం. రాత్రి బడుల వాటా అందులో ఎంతో ఉంటుందని నేను నమ్మను.

పథకాలకు మాత్రం లోటు లేదు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది, 1988లో జాతీయ సాక్షరతా మిషన్, 2009లో సాక్షర భారత్, 2022 నుంచి ఉల్లాస్. ఈ చివరిదానిలో 'వయోజన విద్య' అన్న పేరే తీసేసి 'అందరికీ విద్య' అన్నారు. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కుల పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తున్నారు. పేరు మారినప్పుడల్లా కొత్త పుస్తకం, కొత్త శిక్షణ, కొత్త రిజిస్టరు. సమాజం మారిందనడానికి రిజిస్టరు సాక్ష్యం కాదు కదా.

నెల్లూరు అబ్బాయి (ప్రస్తుతం కూకట్‌పల్లి)

పెద్దాయన చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. అంకెల్లోకి ఎక్కనిది ఒకటి నేను కళ్లారా చూశాను కనుక రాస్తున్నాను.

1991లో నేను కావలిలో డిగ్రీ చదువుతున్నాను. అప్పుడు నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగుతోంది. అంతకు ముందు ఏడాదే కేరళలో ఎర్నాకుళం దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యతా జిల్లాగా ప్రకటితమైంది, ఆ ఊపు ఇక్కడికీ వచ్చింది. జనవిజ్ఞాన వేదిక వాళ్లు, పాటలతో నాటికలతో ప్రచారం చేసే కళాజాతా బృందాలు ఊరూరా తిరిగేవారు. కుర్రాళ్లం జీతం లేకుండా రాత్రిపూట పాఠాలు చెప్పేవాళ్లం. నాకు అప్పగించిన పల్లెలో రామాలయం అరుగు మీద పెట్రోమాక్స్ దీపం పెట్టుకొని కూర్చొనేవాళ్లం, పురుగులు వచ్చి పలకల మీద పడేవి.

ఆ వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. ఆ కథలో సీతమ్మ ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయిస్తుంది. ఆ పాఠం చెప్పిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తు. అంతవరకు అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివే ఒక ముసలమ్మ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకొని, "ఇది మనూరి కతే గదయ్యా, పేరు మార్చి రాసినారు" అన్నది. ఆ తరువాత గంటసేపు పాఠం జరగలేదు. ఎవరి మగడు ఎంత తాగుతున్నాడు, ఏ రోజు కూలి ఎంత సారా కొట్టుకు పోయింది అన్న లెక్క మొదలైంది. నాకు చదువు చెప్పే పని తప్పింది, కూర్చొని వినడమే మిగిలింది. నా చేతిలోని ఉపాధ్యాయ మార్గదర్శినిలో ఆ గంటకు సూచనలేవీ లేవు.

అదే జిల్లాలోని దూబగుంట సంగతి అందరికీ తెలిసినదే. రోసమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు తమ ఊళ్లోకి సారా రానివ్వకుండా అడ్డుకున్నారు. ఆ ఉదంతాన్ని 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠంగా రాసి మళ్లీ చదువు కేంద్రాలకే పంపారు. ఒక ఊరు చేసిన పని పాఠమై, ఆ పాఠం చదివిన ఇంకో ఊరు అదే పని చేయడం నేను మరెక్కడా చూడలేదు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు ఆడవాళ్ల ఆందోళన వల్ల పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది.

అయితే ఆ ఉద్యమాన్ని వాచకమే పుట్టించిందనుకుంటే పొరపాటు. కోపం అంతకు ముందే ఉంది. చదువు కేంద్రం చేసిందల్లా, ఇంటిలోపల ఎవరికివారు పడుతున్న బాధను రోజూ ఒకే చోట కూర్చొని చెప్పుకొనే వేళ ఇవ్వడం. పగలు పొలం, పొద్దుగూకితే వంట. పెళ్లో చావో అయితే తప్ప పదిమంది ఆడవాళ్లు ఒక చోట కూర్చొనే వీలే ఊళ్లో ఉండేది కాదు. చదువు పేరు చెబితే మగవాళ్లు కాదనలేకపోయారు.

అంకెల మనిషి (మలక్‌పేట)

బాగుంది నాయనా. అయితే 1997లో ఆ నిషేధం సడలిన సంగతి కూడా రాయవలసింది. ఖజానాకు ఎక్సైజు రాబడి కావలసి వచ్చింది, దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. ఇప్పుడు మన నగరంలో ఏ బస్తీ మొగదలలో వైన్ షాపు లేదో చెప్పండి. రెండేళ్లు నిలిచినదాన్ని సమాజ మార్పు అనవచ్చునా?

నెల్లూరు అబ్బాయి (ప్రస్తుతం కూకట్‌పల్లి)

నిషేధం నిలవలేదు, ఒప్పుకుంటాను. ఆ ఆడవాళ్లు మాత్రం ఇళ్లకు వెళ్లిపోలేదు. సారా ఆగినప్పుడు మిగిలిన డబ్బును రోజుకొక రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు, దాన్నే 'పొదుపు లక్ష్మి' అన్నారు. తెలుగు నేల మీద పొదుపు సంఘాలు అంత వేగంగా అల్లుకుపోవడానికి పడిన దారుల్లో అదొకటి. ఇవాళ మా కూకట్‌పల్లి బస్తీల్లో పుస్తకాలు రాసుకొంటూ కూర్చొనే సంఘాలకు ఆ అరుగు మీది పెట్రోమాక్స్ దీపంతో చుట్టరికం ఉందని నేను అనుకుంటాను.

పాత పుటలు (రామ్‌కోఠి)

నెల్లూరు దాకా వెళ్లారు కనుక మన ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. ఇక్కడ పెద్దల చదువు ప్రభుత్వ పథకంగా మొదలు కాలేదు, ప్రభుత్వం కన్నుగప్పే పనిగా మొదలైంది.

1901 సెప్టెంబరు 1న రామ్‌కోఠిలో రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు దాని వెనుక ఉన్నారు. మూడేళ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్ర నిలయం వచ్చింది. 1906లో ఇక్కడే విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలి పుట్టింది. ఆ మండలి తొలి పుస్తకం ఏమిటో చూడండి: పురాణం కాదు, ప్రబంధం కాదు, అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. తరువాతి కాలంలో వయోజన విద్య అనగానే గుర్తుకువచ్చే పేర్లలో ఆయనది ముందుంటుంది. నిజాం రాజ్యంలో పాలన, బడి, కచేరీ అన్నీ ఉర్దూలో సాగుతున్న రోజుల్లో, తెలుగులో చరిత్ర, శాస్త్రం చదువుకొనే చోటు ఒకటి ఉండడమే ఒక పని.

ఆ చోటు ఎందుకు అవసరమైందో 1921 నవంబరులో వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కరణ సభ చెప్పింది. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతోనే ఆంధ్ర జనసంఘం పుట్టింది, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టాలంటే అనుమతి, బడి పెట్టాలంటే అనుమతి అన్న కాలంలో గ్రంథాలయం ఒక సందు. పత్రిక ఒకరు చదివితే పదిమంది వినేవారు. విన్న పదిమందిలో వెట్టి చేసేవాడు ఒకడుంటే వెట్టి తప్పని నసీబు కాదన్న మాట అతని చెవిన పడేది. ఆంధ్ర మహాసభ పదిహేనేళ్లలో గ్రంథాలయాల తీర్మానాల నుంచి వెట్టి మీద పోరుకు ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే ఈ వినికిడి దగ్గర మొదలుపెట్టాలి.

ఇంకొక మాట. ఈ చరిత్ర చెప్పినప్పుడు నిలయాలు, మండలులు చెప్పి ఊరుకుంటాం. అదే 1906లో భాగ్యరెడ్డి వర్మ గారు ఇదే నగరంలో జగన్మిత్ర మండలి స్థాపించారు. మాల మాదిగ బస్తీల్లో అక్షరం రాని పెద్దలకు హరికథలు, భజనల ద్వారా సంఘ సంస్కరణ చెప్పించారు. తాగుడు మానమని, జోగినీ ఆచారం వద్దని, పిల్లలను బడికి పంపమని. 1910 నుంచి ఆయన పెట్టిన బడులు పాతికకు చేరాయి. ముందు తల్లిదండ్రులు విన్నారు, తరువాత పిల్లలు బడికి వచ్చారు. అంకెల మనిషి గారు అక్షరాస్యత పెరిగింది పిల్లల వల్ల అన్నారు గదా, ఆ పిల్లలను బడికి పంపిన పెద్దలకు ఎవరు ఏమి చెప్పారన్నది ఏ పట్టికలో ఎక్కుతుంది?

బస్తీ ఆర్‌పీ (బోరబండ)

చదువుకున్న పెద్దలు మాట్లాడుకొంటున్నచోట మాట కలుపుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. నేను ఐదో తరగతిలో బడి మానేసి, ముప్పై రెండేళ్ల వయసులో ఓపెన్ స్కూలులో పది పాసైనదాన్ని. ఇప్పుడు మా బస్తీలో పదిహేడు పొదుపు సంఘాలకు రిసోర్స్ పర్సన్‌గా (ఆర్‌పీ) చేస్తున్నాను.

సాయంత్రం బడి మేడం, మీ దగ్గర సంతకం నేర్చుకొని మానేసినవాళ్ల మీద మీకు కోపం ఉన్నట్టు లేదు కాని, కొంచెం చిన్నచూపు ఉన్నట్టు నాకు అనిపించింది. వేలిముద్ర వేసేటప్పుడు ఎంత సిగ్గవుతుందో వేసినవాళ్లకే తెలుసు. కౌంటరు దగ్గర సిరా డబ్బా మన వైపు తోసేటప్పుడు వెనుక వరుసలో ఉన్నవాళ్లంతా చూస్తారు. తరువాత ఆ వేలు తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇవ్వరు, తలకో గోడకో రాసుకోవాలి. ఆ సిగ్గు తప్పడం చిన్న మార్పు కాదు.

ఇంకో సంగతి మాత్రం చెప్పక తప్పదు. వేలిముద్ర వేసేవాళ్లకు కాగితంలో ఏముందో చదివి వినిపించాలన్న మర్యాద అయినా కొంతమంది పాటించేవాళ్లు. సంతకం రాగానే ఆ మర్యాద కూడా పోయింది. చదువుకున్నావు కదా అని కాగితం ముందుకు తోస్తున్నారు. మా గల్లీలోనే ఇంటింటికీ తిరిగి అప్పులిచ్చే ఒక కంపెనీ మనిషి, కొత్తగా సంతకం నేర్చిన ఐదుగురి చేత ఒకరి అప్పుకు ఒకరు జామీను పెట్టించాడు. వాళ్లు తాము తీసుకొన్న అప్పుకే సంతకం చేస్తున్నామనుకొన్నారు. ఒకామె భర్త మంచాన పడి వాయిదాలు ఆగిపోతే, మిగిలిన నలుగురి ఇళ్ల ముందు వచ్చి కూర్చున్నాడు. వాళ్లు నా దగ్గరికి వస్తే కాగితం చదివాను. అంతా తెలుగులోనే ఉంది. చిన్న అక్షరాలైనా తెలుగే. సంతకం దగ్గర ఆగిన చదువు వాళ్లను కాపాడలేదు సరికదా, ఇరికించింది.

అందుకని అడుగుతున్నాను, మీరు ఏ పుస్తకం చెబుతున్నారు? అల, వల, తల అని చెబుతుంటే పొద్దున్నుంచి నాలుగిళ్ల అంట్లు తోమి వచ్చినామెకు నిద్ర రాక ఏమొస్తుంది? 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక మా వాళ్లు నన్ను ముందుగా అడిగింది బస్సు బోర్డు చదవడం. అంతకు ముందు బస్సెక్కే అవసరమే తక్కువ, నడిచిపోయే దూరంలోనే పని చూసుకొనేవాళ్లు. ఇప్పుడు ఇంకో రెండు వేలు ఎక్కువ వచ్చే ఇల్లు దూరంగా ఉన్నా వెళ్లవచ్చు, కాని కండక్టరును అడిగితే విసుక్కుంటాడని భయం. కాగితం మీద సికింద్రాబాద్, కోఠి, మెహిదీపట్నం, ఉప్పల్ రాసి నేర్పించాను. ఒత్తులు, గుణింతాలు అన్నీ ఆ నాలుగు పేర్లలోనే వచ్చాయి.

దూర విద్య (నల్లకుంట)

సోదరి పది పాసైన దారి గురించి రెండు మాటలు. మార్పు అనగానే ఉద్యమాలే గుర్తొస్తాయి కాని, మూసుకుపోయిన తలుపు ఒకటి తెరిచి ఉంచడం కూడా మార్పే. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది. జి. రాంరెడ్డి గారు తొలి ఉపకులపతి. ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఏ బడి కాగితం లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలు అక్కడ కల్పించారు. ఆర్టీసీ డ్రైవర్లు, హోంగార్డులు, మధ్యలో చదువు ఆపి పెళ్లి చేసిన ఆడపిల్లలు ఆదివారం తరగతులకు వచ్చి వెనుక బెంచీల్లో కూర్చొనేవారు. అంతకు చాలా ముందే, 1958లో, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా పెద్దవయసు స్త్రీలకు సంక్షిప్త కోర్సులు పెట్టించారు. ఏళ్ల తరబడి సాగే బడి చదువును రెండేళ్లలోకి కుదించి, వితంతువులను, భర్త వదిలేసినవారిని నర్సులుగా, టీచర్లుగా నిలబెట్టడమే ఉద్దేశం. విద్యానగర్ వైపు ఆంధ్ర మహిళా సభకు వెళ్లి వచ్చిన పాతతరం వారిని అడిగితే ఇటువంటి కథలు ఇంటికొకటి చెబుతారు.

కనుక మీ ఆరుగురిలో ఎవరికైనా పది రాయాలన్న కోరిక ఉందేమో కనుక్కోండి. ఓపెన్ స్కూలుకు పద్నాలుగేళ్లు నిండితే చాలు, పైన పరిమితి లేదు.

గోడ మీది మాట (తార్నాక)

ఈ విషయం మీద బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరీ పేరు రాకపోతే సెమినార్లలో ఊరుకోరు కనుక నేనే తెస్తున్నాను. అయితే ఆయన్ను మన దగ్గర గోడ మీది నినాదంలా వాడుకొంటారు, ఆయన చేసిన పనిని చూడరు. 1963లో బ్రెజిల్ ఈశాన్యాన అంజికోస్ అన్న ఊళ్లో సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పించే ప్రయత్నం చేశారు. మొదట వాళ్ల మాటలు విని, ఏ మాటల చుట్టూ వాళ్ల బతుకు తిరుగుతుందో ఏరుకొనేవారు. ఇళ్లు కట్టేవాళ్లయితే 'ఇటుక' అన్న మాట తీసుకొని, ఇటుక ఎవరు చేస్తారు, ఎవరి ఇల్లు కడతారు అని మాట్లాడించి, ఆ తరువాత ఆ మాటను అక్షరాలుగా విడగొట్టేవారు. బోరబండ అక్క సికింద్రాబాద్, కోఠి రాసి గుణింతాలు చెప్పినది అచ్చంగా అదే పద్ధతి. మరుసటి ఏడాది సైనిక ప్రభుత్వం వచ్చి ఫ్రెయిరీని జైల్లో పెట్టింది, తరువాత దేశం వదలవలసి వచ్చింది. ఎందుకంత భయం? చదువురానివారికి అప్పట్లో అక్కడ ఓటు లేదు. ఒక్కొక్క అక్షరాస్యుడు ఒక్కొక్క కొత్త ఓటరు.

అమెరికా దక్షిణాన నల్లజాతివారి సంగతీ అంతే. అప్పట్లో ఓటరుగా నమోదు కావాలంటే చదివి చూపించవలసి వచ్చేది. 1957లో దక్షిణ కరొలైనాలోని జాన్స్ ఐలండ్‌లో ఒక సహకార దుకాణం వెనుక గదిలో బెర్నీస్ రాబిన్సన్ పెద్దల బడి పెట్టింది. ఆవిడ టీచరు కాదు, జుట్టు అలంకరించే వృత్తి. మొదటి రోజే మీకేం నేర్చుకోవాలని ఉందని అడిగింది. పేరు రాయడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం అన్నారు. అక్కడి నుంచే మొదలుపెట్టింది.

మన దగ్గర లెక్క తిరగబడింది. 1951లో దేశంలో అక్షరాస్యత 18 శాతం. ఆ చలికాలమే మొదలైన తొలి సాధారణ ఎన్నికల్లో అక్షరం రానివారు కూడా ఎద్దుల జతనో గుడిసెనో చూసి ఓటు వేశారు. ఓటు ముందు వచ్చింది, అక్షరం వెనుక నడుస్తోంది. అది మన రాజ్యాంగం చేసిన గొప్ప పని, సందేహం లేదు. కాని దాని వల్ల ఇక్కడ పెద్దల చదువు రాజకీయ అవసరం కాకుండా పోయిందని నాకు తోస్తుంది. చదువు లేకపోయినా ఓటు పడుతుంది కనుక, చదువు రాకపోతే నష్టపడే నాయకుడు ఎవడూ లేడు. నెల్లూరులో కోపం ఒక సరైన గురి చూసుకొంది కనుక చదువుకు ఆ బలం వచ్చింది. అడ్డగుట్టలో ఆ గురి ఏమిటో మేడం గారు వాళ్లనే అడగాలి.

జహీరాబాద్ రోడ్డు (పటాన్‌చెరు)

ఒక్క సవరణ. అందరూ అక్షరం చుట్టూనే తిరుగుతున్నారు. మా ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం చేస్తే మాచ్‌నూరు. 2008 అక్టోబరు 15 నుంచి అక్కడ దళిత ఆడవాళ్లు తమ సొంత రేడియో నడుపుతున్నారు. సంఘం రేడియో అంటే ఎఫ్‌ఎం 90.4. చదువు అంతంతమాత్రమే అయినవాళ్లు టేపు పట్టుకొని పొలాల వెంట తిరిగి జొన్న, కొర్ర, సామ విత్తనాల సంగతులు, పాటలు, మందుల చెట్ల వివరాలు పోగుచేసి వినిపిస్తారు. అక్షరం వచ్చినవాడే చెప్పాలి, రానివాడు వినాలి అన్న వరుసను వాళ్లు తిప్పేశారు. మేడం గారూ, మీ హాలులో మీరు మాట్లాడే వేళ ఎంత, వాళ్లు మాట్లాడే వేళ ఎంత అన్నది ఒకసారి గడియారం పెట్టి చూడండి.

సాయంత్రం బడి (అడ్డగుట్ట)

ఏడు వారాల తరువాత రాస్తున్నాను. మధ్యలో బోనాలు రావడంతో రెండు వారాలు బడి జరగలేదు.

గడియారం పెట్టి చూశాను. గంటన్నరలో గంటా పది నిమిషాలు నేనే మాట్లాడుతున్నాను. సిగ్గుపడ్డాను. చిన్నచూపు సంగతి కూడా నిజమే, బోరబండ చెల్లెలు మొహం మీద అనడం మంచిదయింది.

వాచకం పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న కాగితాలు ఏవి వీలైతే అవి తెమ్మన్నాను. నల్లా బిల్లు, చిట్టీ కార్డు, గ్యాసు పుస్తకం, బస్తీ దవాఖానాలో ఇచ్చిన మందుల చీటీ, ఒకామె అయితే అత్తగారి మరణ ధ్రువపత్రం తెచ్చింది. వాటితోనే పాఠం. ఈ మాట గల్లీలో పాకి, మానేసినవాళ్లలో నలుగురు కాగితాలు పట్టుకొని తిరిగి వచ్చారు. "ఇగ గది చాలు" అన్నామె వారిలో ఒకరు. ఇప్పుడు పదిమంది. పెద్ద సంఖ్య కాదు, అంకెల మనిషి గారి పట్టికలో ఎక్కదు.

ఆమె తెచ్చింది ఒక అప్పు పుస్తకం, ఇంటికి వచ్చి ఇచ్చే వారాల అప్పుది. చేతికి ముప్పై వేలు రావలసి ఉండగా ఇరవై ఎనిమిది వేల చిల్లరే వచ్చిందని ఆమెకు తెలుసు, మిగిలింది ఎక్కడికి పోయిందో తెలియదు. ఏడాదిగా అడగలేదు. అందరూ ఆ పేజీ చుట్టూ చేరి అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. కార్యాలయ ఖర్చు అని ఒక వరుస, దాని కింద బీమా అని ఒక వరుస. బీమా అంటే ఏమిటని అడిగారు. చెప్పాను. "మరి నా బీమా కాగితం ఏది?" అన్నది ఆమె. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు, చెప్పవలసింది నేను కాదు కనుక.

ఆ వారం తరగతి అంతా ఒక ఉత్తరం రాయడంలో గడిచింది. ఐదుగురికి అదే అప్పు ఉంది, ఐదుగురూ సంతకం చేశారు. నేను సాపు రాసి ఇస్తానంటే వద్దన్నారు. శనివారం వాయిదా కట్టించుకోవడానికి వచ్చిన కుర్రవాడికి ఇచ్చి, నకలు మీద అతని చేత అందినట్టు సంతకం పెట్టించుకున్నారు. అతను పెట్టనంటే, "మేం పెట్టలేదా" అని అడిగారట. జవాబు ఇంకా రాలేదు. పై ఆఫీసుకు పంపామంటున్నారు.

మొన్న బుధవారం ఆ ఉత్తరం నకలు తీసి తప్పులు చూపిస్తున్నాను. వాళ్లు 'భీమా' అని రాశారు. భీముడికి ఒత్తు ఉంటుంది, బీమాకు ఉండదు అని బోర్డు మీద రెండూ రాసి చెప్పాను. అప్పుడామె అప్పు పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. అచ్చులో కూడా 'భీమా' అనే ఉంది. దాన్ని చూసే రాశామని చెప్పి, కొంగులో నుంచి పెన్సిలు తీసి ఆ ఒత్తు కొట్టేసింది.

బోరబండ చెల్లెలా, జామీను సంగతి మీరు చదివిన ఆ కాగితం నకలు ఉంటే, పేర్లు కొట్టేసి ఒకటి పంపగలరా? వచ్చే నెల దానితో పాఠం చెప్పాలని ఉంది.